మూతపడని టాపు

పోయిన వారం మనం లింగప్పను ఈశ్వరప్ప ఇంటి గేటు ముందర నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా ఆ మనిషి ఎండలోనే ఉన్నాడు. లోపలికి పిలిచే ముందు, కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పుకుందాం.

ఈశ్వరప్పది ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం. పిల్లలు లేరు. తల్లి చనిపోయేనాటికి తమ్ముడు ఈరన్న పాలు మరవని బిడ్డ. కొత్తగా కాపురానికి వచ్చిన ఈశ్వరప్ప భార్య భద్రమ్మే వాణ్ణి చంకనేసుకుని పెంచింది. ఆ తమ్ముడికి పెద్దయ్యాక చీరల మీద కంటే బండ్ల మీద మోజు పుట్టింది. బెంగళూరులో ఎవరో కాఫీ తోటల ఆసామి కొడుకు విసుగెత్తి వదిలించుకున్న ఎర్ర స్పోర్ట్స్ కారును తోలుకొచ్చాడు. ఇద్దరు కూర్చుంటే మూడో మనిషికి చోటు లేని బండి. కానీ నెత్తిన అద్దం టాపు ఉంటుంది. లోపలి పిడి తిప్పితే అది వెనక్కి జరిగి ఆకాశం కనిపిస్తుంది. అద్దం కింద ఎండ తగలకుండా గుడ్డ అతికించిన పలక ఇంకొకటి, చేత్తో లాగితే ముందుకొస్తుంది. అనంతపురం జిల్లాలో నెత్తిన కిటికీ పెట్టుకుని తిరిగే బండి కొన్నవాణ్ణి ఏమనాలో ఊరికి తెలియలేదు. నవ్వి ఊరుకుంది.

పోయిన ఏడు వైశాఖంలో ఆ నవ్వు ఆగిపోయింది. ఉరవకొండ నుంచి ఒంటరిగా వస్తున్న ఈరన్నకు దారిలో బండి చెడింది. కనుచూపు మేరలో చెట్టు లేదు. తెరిచిన టాపు మూతపడలేదు. పలక కదలలేదు. అప్పటికే జ్వరంతో ఉన్నవాడు సీటులోనే ఒరిగిపోయాడు. సాయంత్రం మేకలు తోలుకుపోతున్న మనిషి చూసేసరికి ప్రాణం లేదు. వడదెబ్బ అన్నాడు డాక్టరు. నెత్తిన రవ్వంత నీడ ఉండి ఉంటే బతికేవాడని కూడా అన్నాడు. ఆ రెండో మాట అనకుండా ఉంటే బాగుండేది. ఎందుకంటే అంతకు కొద్దిరోజుల ముందే ఆ టాపును బాగుచేసింది మెకానిక్ లింగప్ప. ఊరు వేలెత్తి చూపడానికి ఒక మనిషి దొరికాడు.

ఇప్పుడు గేటు తీద్దాం.

"రా" అన్నాడు ఈశ్వరప్ప అరుగు మీద నుంచి లేవకుండానే.

లింగప్ప పనిముట్ల సంచి భుజానికి తగిలించుకుని వచ్చాడు. ఏడాదిలో మనిషి సగమయ్యాడు. చొక్కా ఎవరో పెద్దన్నది తొడుక్కున్నట్టు వేలాడుతోంది. ముంగిట్లో కారు, పాడె మీద నుంచి లేవని శవంలాగా, పోయిన ఏడు లాక్కొచ్చి నిలిపిన చోటే ఉంది. టాపు సందు మీద ఈతచాప పరిచి, గాలికి లేవకుండా నాలుగు పక్కలా రాళ్ళు పెట్టి ఉన్నాయి. ఈ ఊరి గాలి సంగతి తెలిసిందే. రోజూ మధ్యాహ్నానికి ఆ చాప ఎగిరిపోతుంది. రోజూ ఈశ్వరప్ప అంగడి నుంచి వచ్చి, అన్నం ముందు కూర్చోకుండా, మళ్ళీ ఆ చాప కప్పుతాడు. ఆ సీటు మీద ఎండ పడితే ఆయన చూడలేడు. తమ్ముడింకా ఆ ఎండలోనే పడి ఉన్నాడనిపిస్తుంది.

ఆయనే లేచి వెళ్ళి రాళ్ళు తీశాడు. చాప చుట్టి పక్కన పెట్టాడు.

"ఎల్లుండికి ఏడాది. ఆ లోపల ఈ టాపు మూతపడల్ల. నువ్వే పాడుచేసినావు, నువ్వే మూయి."

"అన్నా, బండి షాపుకు తోసుకుపోతే సామాన్లన్నీ ఆడుంటాయి..."

"బండి గేటు దాటేది లేదు. ఈడనే చెయ్యి. నా కండ్ల ముందర చెయ్యి."

లింగప్ప సంచి కిందికి దించాడు. అరుగు మీద మడత పెట్టిన బూడిదరంగు పట్టు చూసి, ఇదేమిటన్నట్టు తలెత్తాడు.

"పలకకు గుడ్డ" అన్నాడు ఈశ్వరప్ప. "పాతది మాసిపోయింటాది. అదే రంగులో మన మగ్గం మీదే నేయించినా."

ధర్మవరంలో బూడిదరంగు పట్టు ఎవరు కడతారు? పెళ్ళికి పనికిరాదు, సీమంతానికి పనికిరాదు. నేసినవాడు మూడుసార్లు అడిగాడట, రంగు సరిగ్గా చెప్పినావా అన్నా అని.

భద్రమ్మ నడవ తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూస్తోంది.  దినాలు కాకముందే ఈమె జుట్టు ముడి కూడా వేసుకోకుండా బజారుకు పోయి, లింగప్ప షాపు ముందర పిడికిళ్ళతో దుమ్మెత్తి పోసి, నీ ఇంట దీపం ఆరిపోనని శాపనార్థాలు పెట్టిన సంగతి మొదటి భాగాలు చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. లింగప్ప పెళ్ళాం మారెక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ దుమ్మంతా నెత్తిన పోయించుకుంది. ఒక్క మాట తిరిగి అనలేదు. ఆ పొద్దు నుంచి ఆ బజారులో ఎవరూ లింగప్ప చేతికి బండి ఇవ్వలేదు. భద్రమ్మకు అందులో తప్పు కనబడలేదు. ఇప్పటికీ కనబడడం లేదు.

లింగప్ప కారులోకి దూరి, సీటు వెనక్కి వాల్చి, వెల్లకిలా పడుకుని పైకి చూశాడు. ఈరన్న పడి ఉన్నదీ అట్లాగే. భద్రమ్మ తల తిప్పుకుంది.

లింగప్ప పిడి చుట్టూ ఉన్న మూత విప్పసాగాడు. స్క్రూ ఒకటి జారి సీటు కింద పడింది. ఈశ్వరప్ప కారు పక్కనే గొడుగు కర్రలాగా నిటారుగా నిలబడ్డాడు.

"ఏమప్పా, చేతులాడడం లేదా?"

"ఆడడం లేదన్నా." లింగప్ప దాచలేదు. "భయమైతాండాది. ఆ పొద్దు పిడి కింద పండ్ల చక్రం అరిగిపోయింటే, అట్లాంటిది యాడా దొరకక, ఇత్తడితో లేతు మీద చేయించి వేసినా. ఏడాది నుంచీ నాకదే మనసులో తిరుగుతాండాది. ఆ పండ్లు ఇరిగిపోయింటాయి, అందుకే టాపు మూతపడలా, పిల్లోణ్ణి నేనే చంపినా అని. మీరంతా అన్నారని కాదు. నాకు నేనే అనుకొంటి."

 అనడానికి ఈశ్వరప్ప దగ్గర ఉన్నదీ అదే మాట.

చక్రం బయటికి వచ్చింది. లింగప్ప దాన్ని చొక్కా అంచుతో తుడిచి, వెలుగులో పెట్టి, బొటనవేలితో ఒక్కొక్క పన్నూ తడిమాడు. మళ్ళీ తడిమాడు. తర్వాత ఆ చక్రాన్ని గుప్పిట్లో పెట్టుకుని, కారు తలుపు మీద తల ఆనించి ఏడ్చాడు. మగవాడు పదిమందిలో ఏడిస్తే చూడడానికి ఇబ్బందిగా ఉంటుంది. ఈశ్వరప్ప ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఒక పన్ను కూడా పోలేదన్నా. ఇదో, చూడు. ఒక్కటీ పోలేదు."

ఈశ్వరప్ప తీసుకుని చూశాడు. పట్టు మీద ఒక్క పోగు తప్పితే కనిపెట్టే కళ్ళు ఆయనవి. చక్రం బాగానే ఉంది.

"మరి ఏంటికి మూతపడలేదు?" అన్నాడు. గొంతులో కోపం ఉంది కానీ ముందున్నంత లేదు. కోపానికి కాలు పెట్టుకునే చోటు జారిపోతే అట్లాగే ఉంటుంది.

"అదే చూస్తా."

లింగప్పకు చేతులు కుదుటపడ్డాయి. అటూ ఇటూ అంచు రేకులు విప్పాడు. టాపు జరిగే కాలువల్లో వేలు పెట్టాడు. వేలు అతుక్కుంది. కిరసనాయిలు అడిగితే, ఈరన్న పెళ్ళాం కదిరమ్మ వంటింట్లోంచి సీసా తెచ్చి గడప మీద పెట్టి లోపలికి పోయింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. బావగారు ముంగిట్లో ఉంటే ఆమె గడప దాటదు. పెళ్ళై వచ్చిన నాటి నుంచి ఆయనతో ఎదురుగా నిలబడి ఒక్క మాట ఆడి ఎరగదు. ఏం కావాలన్నా అక్కా అని భద్రమ్మతోనే చెప్పుకుంటుంది.

లింగప్ప గుడ్డపేలికలు తడిపి కాలువల్లో కుక్కి నానబెట్టాడు.  పక్క వీధి మగ్గాల చప్పుడు వినిపిస్తూనే ఉంది. తర్వాత రంపం బ్లేడు ముక్కతో గీరడం మొదలుపెట్టాడు. ఎర్రమన్ను కలిసిన బంక, బెల్లం పాకం ముదిరినట్టు, చుట్టలు చుట్టలుగా ఊడి వచ్చింది. గీరేకొద్దీ వస్తూనే ఉంది. చివరికి వెనక నక్కి ఉన్న పలక కదిలింది. రెండు చేతులతో పట్టి లాగితే కిర్రుమంటూ ముందుకు వచ్చింది.

వచ్చాక ఎవరూ దాని వైపు చూడలేకపోయారు. పలక ముందు అంచున గుడ్డ చినిగిపోయి ఉంది. కాలి చినిగింది కాదు, పాతబడి చినిగిందీ కాదు. గోళ్ళతో గీరి గీరి లాగిన చారలు. అవి ఎవరి గోళ్ళో చెప్పాల్సిన అవసరం లేదు. ఈశ్వరప్ప తన వేళ్ళు తీసుకెళ్ళి ఆ చారల్లో పెట్టాడు. ఆయన చేయి పెద్దది, ఈరన్నది చిన్నది. వేళ్ళు సరిపోలేదు. నోట్లో కండువా కుక్కుకున్నాడు.

భద్రమ్మకు కాళ్ళు ఆగలేదు. నడవ దాటి ముంగిట్లోకి వచ్చేసింది.

"చూసినావా? చూసినావా నువ్వు చేసిన పని?" అంది లింగప్పతో. "ఏం పూసి చచ్చినావు దాంట్లో? గ్రీసా?"

"నేను ఏమీ పూయలేదమ్మా." లింగప్ప ఆ బంక ముక్కను వేళ్ళ మధ్య నలిపాడు. "ఈ మన్నులో తిరిగే బండికి గ్రీసు పెడితే దుమ్ము పట్టి బిగుసుకుపోతాదని ఒట్టిగానే వదిల్నా. రోంత అరుస్తాది, అరవనీ ఈరన్నా, తిరుగుతాది గదా అని మరీ చెప్పి పంపిస్తి. ఇది గ్రీసు కాదు."

ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అక్కడే ఆగిపోయాడు. తర్వాత ఈశ్వరప్ప వైపు చేయి చాపాడు. ఈశ్వరప్ప వాసన చూశాడు. ఈ జిల్లాలో పుట్టినవాడికి ఆ వాసన ఒకరు చెప్పాలా? డబ్బా అడుగున నిలవ ఉండి చెడిన వాసన.

"శెనక్కాయ నూనె" అన్నాడు ఈశ్వరప్ప.

"గానుగ నూనె. చుక్కా రెండు చుక్కలూ కాదన్నా, ధారగా పోసినారు. ఆ నూనెకు రోడ్డు మన్ను పట్టి, ఎండకు ఉడికి, జిగురైపోయింది. ఆ పొద్దు ఆ పిల్లోడు కాదు గదా, నలుగురు పట్టి లాగినా రాదు."

భద్రమ్మ నిలబడే ఉంది. నిలబడి ఉందనే అందరూ అనుకున్నారు. లోపల ఆమె ఎప్పుడో కూలిపోయింది.

అది వాళ్ళ పుట్టింటి అలవాటు. మగ్గాల ఇంట్లో పుట్టిన పిల్ల ఆమె. మగ్గం పలక కిర్రుమన్నా, అచ్చు కిర్రుమన్నా, ఉయ్యాల కొక్కెం కిర్రుమన్నా వాళ్ళమ్మ నూనెగిన్నె పట్టుకుని బయల్దేరేది. ఏదైనా అరుస్తోందంటే దానికి దాహంగా ఉందని అర్థం అనేది. ఈరన్న పసివాడుగా ఉన్నప్పుడు చెవి నొప్పని ఏడిస్తే భద్రమ్మ కాచిన నూనె చుక్కే వేసింది. మాడు పొడిబారితే నూనే పెట్టింది. ఆ వారం టాపు బాగుచేయించుకుని వచ్చిన ఈరన్న ముంగిట్లో పిడి తిప్పి చూపిస్తూ నవ్వాడు.

"వదినా, నా బండి నీ మగ్గం మాదిరి అరుస్తాండాది చూడు."

మర్నాడు మధ్యాహ్నం ఇల్లంతా కునుకు తీస్తుంటే ఆమె కారు తలుపు తీసి, పైకి చేయి చాచి, ఆ కాలువల పొడుగునా అటూ ఇటూ నూనె పోసింది. తక్కువ పోస్తే ఏం పనికొస్తుందని ఎక్కువే పోసింది. సాయంత్రం ఈరన్న పిడి తిప్పితే సద్దు లేకుండా తిరిగింది. లింగప్ప పనితనం చూసినావా వదినా అన్నాడు. ఈమె నవ్వుకుని, చెప్పకుండా ఊరుకుంది. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొచ్చింది. ప్రేమతోనే పోసింది. అందుకే దాన్ని ఏమని తిట్టుకోవాలో కూడా ఆమెకు తెలియలేదు. విసిరిన దుమ్మంతా, పెట్టిన శాపాలన్నీ, మారెక్క కొంగు అడ్డం పెట్టుకున్న ముఖమూ అన్నీ ఒక్కసారే ఆమె మీదికి వచ్చి పడ్డాయి.

ఇదేమీ ఎరగని లింగప్ప చక్రం మళ్ళీ బిగించి, పిడి తిప్పాడు. అద్దం మెల్లగా ముందుకు జరిగి, చివరికి చేరి, కూర్చుంది. కొత్త పట్టు వేయకముందే, చారలున్న ఆ పలకనే కింద లాగాడు. ఏడాదిగా సీటు మీద పడుతున్న ఎండ అంచు సన్నబడి, సన్నబడి, పోయింది. కారులోపల నీడ అయింది.

ఈశ్వరప్ప ఆ నీడను చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ఇంటి వైపు తిరిగాడు.

"ఈ ఇంట్లోదే ఆ నూనె" అన్నాడు. "బయటోళ్ళు వచ్చి పోసిపోలేదు. ఎవరు పోసినారు?"

అరిచి ఉంటే భద్రమ్మ చెప్పేసేదేమో. ఆయన అరవలేదు. ఇందాక లింగప్పతో మాట్లాడిన ఆ చల్లని గొంతుతోనే అడిగాడు. ఆమె నోరు తెరిచింది.  ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషి ముఖంలోకి చూసి, నీ తమ్ముణ్ణి నేనే చంపినానని ఎట్లా చెప్పాలి? ఏ మాటతో మొదలుపెట్టాలి?

"నేను పోసినా బావా."

ముగ్గురూ తిరిగి చూశారు. కదిరమ్మ గడప దాటి మెట్టు మీద నిలబడి ఉంది. ఈశ్వరప్పకు ముందు అది ఎవరి గొంతో అర్థం కాలేదు. ఆయన ఆ గొంతు సరిగ్గా విన్నది ఈరన్న పోయిన పొద్దు ఏడుపులోనే.

"అరుస్తాండాదని పోసినా. తెలీక చేసినా."

 ఈ పిల్ల ఏమంటోంది అనుకుంది భద్రమ్మ. ఆ చేయి తనది. ఆ నూనె తన చేతిది.

 ఈశ్వరప్ప ఆ పిల్లతో మాట్లాడలేదు. గేటు బయట చింతగింజంత నీడలో గుర్రాన్ని నిలిపి కూర్చున్న జట్కా తిప్పయ్యతో మాట్లాడాడు.

"తిప్పయ్యా, బస్టాండుకు కట్టు. కొత్తచెరువు బస్సుకు." తర్వాత భార్య వైపు చూసి అన్నాడు, "వాళ్ళ నాయన దగ్గరికి పొమ్మను. ఎల్లుండి నా తమ్మునికి పెట్టే పిండం ఆ పిల్ల కండ్లు చూడగూడదు."

"అన్నా, తెలీక చేసింటాది, చిన్నపిల్ల..." అన్నాడు లింగప్ప. ఏడాది పాటు ఆ చోట నిలబడినవాడికి ఆ చోటు తెలుసు.

"నువ్వు గమ్మునుండు లింగప్పా. నీకు చేసిన అన్యాయానికి నీ కాళ్ళు తర్వాత పట్టుకుంటా."

కదిరమ్మ లోపలికి పోయింది. భద్రమ్మ ఆమె వెనకే పరుగెత్తింది. గదిలో ఆ పిల్ల అప్పటికే రేకుపెట్టె మంచం మీద పెట్టి రెండు తెల్లచీరలు మడుస్తోంది.

"ఏంటికే అబద్ధం చెప్పినావు?" భద్రమ్మ ఆమె చేతిలోని చీర లాక్కుంది. "పోసింది నేను. నా ఈ చేత్తో పోసినా. నీకేమి పట్టిందే?"

"నాకు తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"నువ్వు పోస్తాంటే నేను చూస్తానే ఉంటిని. వంటింటి కిటికీలో నుంచి." కదిరమ్మ చీర మళ్ళీ తీసుకుని మడత పెట్టింది. "నేనూ మంచిదే అనుకొంటి. పోనీ, అరుపు ఆగిపోతాదిలే అనుకొంటి."

"ఏడాది నుంచీ తెలుసా నీకు?"

"నూనె అట్ల చేస్తాదని నాకు మాత్రం ఏం తెలుసక్కా? ఇప్పుడే, నీ మాదిరే, లింగప్పన్న చెప్తే తెలిసింది." ఆ పిల్ల పెట్టె మూత వేసి, అప్పటికి తలెత్తి చూసింది. కళ్ళలో నీళ్ళు లేవు. ఉండి ఉంటే భద్రమ్మకు కొంచెం తేలికగా ఉండేది. "నేనంటే మా నాయనింటికి పోతా. రోజూ రోంత కూడు వేయకపోతారా? నీకు ఎవరుండారక్కా? బావ నిన్ను ఇట్ల చూస్తే నువ్వు యాడ బతుకుతావు?"

భద్రమ్మ ఆ పిల్లను కావలించుకుని ఏడవాలనుకుంది. ఏడిస్తే ఆ త్యాగాన్ని తీసుకున్నట్టే అవుతుంది. తీసుకోవాలనీ ఉంది. అదే ఆమెకు అన్నింటికంటే అసహ్యం వేసింది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఈ పిల్ల వెళ్ళిపోతే అంతా సద్దుమణుగుతుందని ఆమె మనసు అనుకుంది. కొడుకులా పెంచిన వాడి పెళ్ళాం గురించి అట్లా అనుకుంది.

బయట గుర్రం గిట్టలు తాటించిన చప్పుడు.

"భద్రీ!" ఈశ్వరప్ప పిలిచాడు. "ఆ పిల్ల పెట్టె నువ్వే తెచ్చి బండిలో పెట్టు. ఇంకెవరి చేతులూ తాకేది లేదు."

కదిరమ్మ పెట్టె అందుకోబోయింది. భద్రమ్మ ఆమె కంటే ముందే ఎత్తుకుంది. బరువేమీ లేదు. రెండు చీరలు, ఒక దువ్వెన. నడవ దాటింది. మెట్లు దిగింది. అరుగు చివర కూర్చుని చేతులు తుడుచుకుంటున్న లింగప్ప లేచి పక్కకు తప్పుకున్నాడు. ఆ చేతులకు ఇంకా ఆ బంక అంటుకునే ఉంది. టాపు మూసిన కారు పక్కగా నడిచి, ఆమె గేటు దాటి జట్కా దగ్గరికి వచ్చింది. కదిరమ్మ తల వంచుకుని వెనకే వచ్చి నిలబడింది.

"పెట్టు" అన్నాడు ఈశ్వరప్ప.

భద్రమ్మ పెట్టలేదు.

"పెట్టమంటాండా గదా."

ఆమె పెట్టెను రొమ్ముకు అదుముకుని మొగుడి ముఖంలోకి చూసింది. ఎండకు ఆయన కళ్ళు చిట్లించి ఉన్నాయి. ఇందాక దొరకని మొదటి మాట ఇప్పుడు దొరికింది. అది చాలా మామూలు మాట. రోజూ ఇంట్లో ఎన్నోసార్లు అనుకునేలాంటి మాట.

"ఆ పొద్దు మధ్యాన్నం నువ్వు నిద్రపోతాంటివి గదయ్యా..." అని మొదలుపెట్టింది.